నొప్పి గురించి నేర్చుకుంటే మాత్ర తగ్గుతుంది



ఏళ్ళ తరబడి వదలని నొప్పుల గురించి, ఆ నొప్పులకు వేసుకునే ఒక జాతి మాత్రల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఆ మాత్రలను తగ్గించుకోవడానికి మందుల కంటే ముందు చదువు కావాలని చెప్పడం నా ఉద్దేశం. బడి చదువు కాదు. మన ఒంట్లో నొప్పి ఎట్లా పుడుతుంది, ఎట్లా పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది అన్న చదువు. మనస్తత్వ శాస్త్రం చెప్పే చదువు.

మన కడప జిల్లాలో నడుము నొప్పి తెలియని ఇల్లు అరుదు. ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రాంతాల్లో నాపరాళ్ళ గనులున్నాయి, పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ పొద్దస్తమానం బండలు ఎత్తి దించే పని. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు గుంట మగ్గాల్లో కాళ్ళు పెట్టుకుని వంగి కూర్చునే నేతగాళ్ళున్నారు. వీరపునాయునిపల్లె మండలంలో శనగ చేలల్లో, వేరుశనగ చేలల్లో నడుము వంచి కలుపు తీసే ఆడవాళ్ళున్నారు. పులివెందుల వైపు అరటి తోటల్లో గెలలు మోసేవాళ్ళు, చీనీ తోటల్లో గంపలు మోసేవాళ్ళు ఉన్నారు. వీళ్ళందరికీ నలభై ఏళ్ళు దాటేసరికి నడుమో, మోకాలో, మెడో పట్టుకుంటుంది.

పట్టుకున్నాక ఏం జరుగుతుందో మీకూ తెలుసు. మొదట ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ నొప్పి. తర్వాత ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, స్కానింగ్. కొందరు పుత్తూరు కట్టుకు పోతారు. చేతిలో కాస్త డబ్బున్నవాళ్ళు వేలూరు దాకా పోయొస్తారు. ఈ తిరుగుడులో ఎక్కడో ఒకచోట, నొప్పి మరీ ఎక్కువగా ఉన్న పది రోజులకని ఒక మాత్ర రాస్తారు. రాసిన డాక్టరు తప్పేమీ చేయలేదు. పది రోజులకే రాశాడు. కానీ ఆ చీటీ ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగా ఉంటుంది. నెల తర్వాత అదే చీటీ చూపించి మందుల షాపులో మరో రెండు స్ట్రిప్పులు తెచ్చుకుంటారు. ఏడాది తిరిగేసరికి చీటీ కూడా అక్కర్లేదు, ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే చాలు. పది రోజుల మందు మూడేళ్ళ మందు అవుతుంది.

ఆ మాత్రల్లో ఎక్కువగా కనబడేది ట్రమడాల్. ఈ మధ్య టాపెంటడాల్ కూడా. కొడీన్, పెంటజోసిన్, బుప్రెనార్ఫిన్, మార్ఫిన్ కూడా ఆ కుటుంబానివే. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు, అంటే నల్లమందు జాతి మందులు. కొన్ని నల్లమందు నుంచి తీసినవి, కొన్ని ఫ్యాక్టరీలో తయారైనవి. మెదడులో పనిచేసే చోటు మాత్రం ఒకటే. ట్రమడాల్‌ను పారాసెటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు కాబట్టి చాలామందికి తాము ఓపియాయిడ్ వేసుకుంటున్నామన్న సంగతే తెలియదు. మీ ఇంట్లో స్ట్రిప్పు ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ట్రమడాల్ అన్న పేరుతో పాటు ఎర్రని అక్షరాల్లో ఎన్ఆర్ఎక్స్ అన్న గుర్తు ఉందంటే, అది మామూలు నొప్పి మాత్ర కాదని అర్థం.

మన దేశంలో 2013లో హెచ్1 అని ఒక ప్రత్యేక జాబితా తెచ్చారు. అందులోని మందులు అమ్మితే ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు అని షాపువాళ్ళు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచిపెట్టాలి. ట్రమడాల్ ఆ జాబితాలో ఉంది. 2018 ఏప్రిల్‌లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. ప్రభుత్వం అంత దూరం పోయిందంటే కారణం ఉంది. ఆ తర్వాత 2019లో బయటికొచ్చిన ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే చూస్తే అది తెలుస్తుంది. 10 ఏళ్ళ నుంచి 75 ఏళ్ళ లోపు వాళ్ళలో నూటికి ఇద్దరు ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని, దాదాపు నూటికి ఒకరు మందుల షాపులో దొరికే రకాలు వాడుతున్నారని అందులో తేలింది. ఈ అలవాటు ముదిరి సాయం అవసరమైనవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరసలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వాళ్ళందరూ నొప్పితో మొదలుపెట్టినవాళ్ళు కారు. కానీ నొప్పితో మొదలై అక్కడికి చేరినవాళ్ళే సాయం కోసం నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. వాళ్ళు తాగుబోతులు కారు, వ్యసనపరులు కారు. పని చేసుకోవాలని మాత్ర వేసుకున్నవాళ్ళు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పి ముందుకు పోతాను. నేను మాట్లాడుతున్నది క్యాన్సర్ నొప్పి గురించి కాదు. క్యాన్సర్‌తో బాధపడే మనిషికి మార్ఫిన్ అవసరమని డాక్టరు చెబితే, భయపడి దాన్ని ఆపకండి. అలవాటవుతుందేమోనని ఇంట్లోవాళ్ళు మార్ఫిన్ ఇవ్వకుండా, ఆ మనిషి రాత్రంతా కేకలు పెడుతుంటే చూస్తూ కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు. అది చాలా అన్యాయం. ఆపరేషన్ అయిన కొత్తలో, ఎముక విరిగినప్పుడు కొద్ది రోజులకు ఈ మందులు ఇస్తే అది కూడా సరైన వైద్యమే. నా మాటలన్నీ మూడు నెలలు దాటి, ఏళ్ళు దాటి సాగే నడుము, మోకాలు, మెడ నొప్పుల గురించే.

ఆ నొప్పులకు ఈ మందులు నిజంగా పనిచేస్తాయా? అమెరికాలో ఈ ప్రశ్న వేసుకుని ఒక పరీక్ష చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నడుము నొప్పి, మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదల ఉన్న 240 మందిని తీసుకున్నారు. సగం మందికి ఓపియాయిడ్లు, సగం మందికి పారాసెటమాల్ లాంటి మామూలు మందులు ఇచ్చి ఏడాది పాటు చూశారు. రోజువారీ పనులు చేసుకోవడంలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. నొప్పి తీవ్రత చూస్తే మామూలు మందులు వాడినవాళ్ళకే కాస్త మెరుగ్గా ఉంది.

ఎందుకు ఇట్లా అవుతుంది? ఈ మందులకు ఒళ్ళు అలవాటు పడుతుంది. మొదట ఒక మాత్రతో తగ్గిన నొప్పి తర్వాత రెండిటికి తగ్గుతుంది, ఆ తర్వాత మూడిటికి. పైగా కొందరిలో ఈ మందే నరాలను సున్నితం చేసి, చిన్న నొప్పిని పెద్దదిగా చూపిస్తుంది. మాత్ర ప్రభావం దిగిపోయే వేళకు ఒళ్ళు లాగుతుంది, ఆవులింతలు వస్తాయి, ముక్కు కారుతుంది, చెమట పడుతుంది, కడుపు కదులుతుంది, కాళ్ళు ఒకచోట నిలవవు. ఇది మందు దిగిపోయేటప్పుడు వచ్చే బాధ. కానీ మనిషి అనుకునేదేమిటి? నా నడుము జబ్బు ముదిరింది, మాత్ర లేకపోతే ఇట్లా అయిపోతున్నాను అనుకుంటాడు. మళ్ళీ మాత్ర వేసుకుంటాడు, సర్దుకుంటుంది. మాత్ర నొప్పిని తీసిందనుకుంటాడు. నిజానికి అది తాను తెచ్చిన బాధనే తాను తీసింది. ఈ ఒక్క సంగతి నిదానంగా, గౌరవంగా వివరిస్తే చాలు, కొందరి ముఖంలో ఎప్పటినుంచో ఉన్న భయం సగం తగ్గడం నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నొప్పి ఎక్కడ పుడుతుంది? దెబ్బ తగిలిన చోట అని చెబుతాం. సగమే నిజం. దెబ్బ తగిలిన చోటి నుంచి కబురు మాత్రమే పోతుంది. ఆ కబురును నొప్పిగా మార్చాలా, ఎంత నొప్పిగా మార్చాలి అని తేల్చేది వెన్నుపాము, మెదడు. రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను అడిగాడు, నొప్పికి మందు కావాలా అని. నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట వాళ్ళ నొప్పిని అదుపులో పెట్టిందని ఆయన భావించాడు. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటుందని, కింది నుంచి వచ్చే కబుర్లు ఆ గేటు దాటాకే పైకి పోతాయని, మెదడు పై నుంచి ఆ గేటును మూయగలదు, తెరవగలదు అని చెప్పారు. భయం, దిగులు, నిద్రలేమి, ఒంటరితనం గేటును తెరుస్తాయి. ధైర్యం, కదలిక, మంచి నిద్ర, మనసుకు నచ్చిన పని దాన్ని మూస్తాయి. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత చాలా మారాయి కానీ మెదడుకు పెత్తనం ఉందన్న మాట మారలేదు. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి నిర్వచనాన్ని సవరించింది. ఆ పని చేసిన బృందానికి నాయకత్వం వహించింది భారతీయ సంతతికి చెందిన వైద్యుడు శ్రీనివాస రాజా. నొప్పి అనేది శరీరం, మనసు, చుట్టూ ఉన్న మనుషులు అన్నీ కలిసి కలిగించే అనుభవమని, ఎవరైనా నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని వాళ్ళు రాశారు.

వేరుశనగ చేనికి అడవి పందులు పడే రోజుల్లో రాత్రి కాపలా కాసే మనిషిని తలచుకోండి. పందులు వచ్చినప్పుడు డబ్బా వాయిస్తాడు, ఊరు లేస్తుంది. అది మంచి కాపలా. నాలుగు రాత్రులు వరసగా పందులు పడ్డాయనుకోండి. ఐదో రాత్రి పంది రాకపోయినా, గాలికి ఆకు కదిలినా డబ్బా వాయిస్తాడు. కాపలావాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే పంది వచ్చినట్టు అనిపిస్తుంది. పాత నొప్పుల్లో మన నరాల సంగతి ఇదే. దెబ్బ మానిపోయి ఏళ్ళయినా నరాలు ప్రతి చిన్న కదలికకూ డబ్బా వాయిస్తాయి. నొప్పి నిజం. కానీ ప్రతి నొప్పికీ కొత్త దెబ్బ ఉండదు.

స్కానింగ్ కాగితం ఈ భయాన్ని ఇంకా పెంచుతుంది. డిస్కు జారింది, వెన్నుపూస అరిగింది అని అందులో ఉంటుంది. ఆ మాట విన్న రోజు నుంచి మనిషి నడుము వంచడు. ఒక సంగతి వినండి. వెన్నులో ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక లెక్క తీశారు. ఇరవై ఏళ్ళ వయసు వాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో నూటికి 96 మందికి ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదు. తల నెరిసినట్టే డిస్కు అరుగుతుంది. కాగితంలో రాసిందల్లా జబ్బు కాదు. ఈ మాట స్కానింగ్ చేతికిచ్చే రోజే చెబితే ఎంత బాగుంటుంది! చాలాచోట్ల చెప్పేందుకు ఎవరికీ తీరిక ఉండదు. రోగి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి మోస్తూ తిరుగుతాడు.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వీరపునాయునిపల్లె మండలంలో ఒక పల్లె ఆయనది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి పనిలో చాలా ఏళ్ళు చేశాడు. రోజుకు నాలుగు ట్రమడాల్ మాత్రలు వేసుకుంటున్నాడు. భార్య వెంట వచ్చింది. ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని అన్నాడు, “రాత్రి మాత్ర పడకపోతే నిద్ర రాదు మేడం. పొద్దున మాత్ర పడకపోతే లేయలేను. డిస్కు జారిందన్నారు. వంగితే యాడ ఊడిపోతాదో అని బయం.” భార్య అందుకుంది, “నీళ్ళ చెంబు గూడా ఎత్తనీయను మేడం ఆయన్ని. అంతా నేనే చూసుకుంటా.”

మాత్రలు మానేయమని నేను అనలేదు. ఆయన భయమంతా అదే. మాత్ర లాక్కుంటారేమోనని. నేను ఒకటే అడిగాను, ఈ మధ్య నొప్పి తక్కువగా ఉన్న రోజేదన్నా ఉందా అని. లేదన్నాడు. కాసేపు ఆలోచించాడు. భార్య గుర్తుచేసింది. చిన్న మనవరాలికి పుట్టెంట్రుకలు తీయించేదానికి అందరూ కలిసి గండి పోయినారంట. వీరాంజనేయస్వామి గుడి దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగినారు. పెద్దాయన బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, పాపాఘ్ని ఏట్లో మెట్ల దాకా దిగినాడు. “ఆ పొద్దు మద్యానం మాత్ర ఏసుకునేదే మర్సిపోయినా మేడం,” అని తనే ఆగిపోయాడు. నేనూ మాట్లాడలేదు. ఆ రోజు డిస్కు అదే డిస్కు. నడుము అదే నడుము. మాత్ర ఒకటి తక్కువ. నడక ఎక్కువ. మరి నొప్పి ఎందుకు తక్కువగా ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఆయనే వెతుక్కోవాలి. నేను చెబితే పాఠం అవుతుంది, ఆయన కనుక్కుంటే ఆయనది అవుతుంది.

అక్కడి నుంచి పని మొదలైంది. ఊరికే కూర్చుని ఊపిరి గమనించడం నేర్పాం. లోపలికి తీసుకున్న దానికంటే బయటికి వదిలేది నిదానంగా, ఎక్కువసేపు ఉండాలి. ఇది మంత్రం కాదు, భక్తి కూడా కాదు. ఊపిరి నిదానమైతే గుండె నిదానిస్తుంది, కండరాలు పట్టు వదులుతాయి, కాపలా కాసే నరాలకు ప్రమాదం లేదన్న కబురు అందుతుంది. రెండోది నడక. ఇంటి నుంచి రచ్చబండ దాకా నడిస్తే పది నిమిషాలకు నొప్పి ఎక్కువవుతోంది. అయితే ఎనిమిది నిమిషాలకే ఆగి వెనక్కి రమ్మన్నాం. నొప్పి తక్కువగా ఉన్న రోజు కూడా ఎనిమిదే. ఎక్కువగా ఉన్న రోజు కూడా ఎనిమిదే. మనవాళ్ళు సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. బాగున్న రోజు పదిమంది పని చేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం పడతారు. ఒళ్ళు ఏం నేర్చుకుంటుంది? పని చేస్తే నొప్పి వస్తుందని నేర్చుకుంటుంది. గడియారం చూసి ఆగితే, కదిలినా ఏమీ కాలేదని నేర్చుకుంటుంది. నాలుగు రోజులకొకసారి ఒక్క నిమిషం పెంచుతూ పోవాలి. ఎనిమిదో తరగతి చదివే పెద్ద మనవరాలు ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి రాసేది. ఎంతసేపు నడిచాడు, ఎట్లా నిద్రపోయాడు, ఎన్ని మాత్రలు వేసుకున్నాడు. నొప్పి ఎంత అన్న గడి కావాలనే పెట్టలేదు. పొద్దస్తమానం నొప్పిని కొలుస్తుంటే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆయన భార్యతో కూడా మాట్లాడాను. ఇంటివాళ్ళ పాత్ర చాలా పెద్దది. ప్రేమతోనే చెంబు కూడా ఎత్తనీయలేదు ఆమె. కానీ ఆ ప్రేమ వల్లే ఆయన రోజురోజుకూ మంచానికి దగ్గరయ్యాడు. నొప్పి అన్నప్పుడల్లా పరుగెత్తి వచ్చి, బాగున్నప్పుడు పట్టించుకోకపోతే, మనకు తెలియకుండానే నొప్పికి బలం ఇస్తాం. 1970 ప్రాంతంలో విల్బర్ట్ ఫోర్డైస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గట్టిగా పట్టుకున్నది ఈ అంశాన్నే. పొద్దున లేవగానే “నొప్పి ఎట్లుంది?” అని అడగకుండా “ఈ పొద్దు యాడిదాకా నడిచొస్తావు?” అని అడగమ్మా అన్నాను. ఆమెకు మొదట అది కఠినంగా తోచింది. తర్వాత అలవాటైంది.

ఇదంతా కొన్ని వారాలు సాగాక, ఆయనే అడిగాడు, మధ్యాహ్నం మాత్ర సగం చేసి చూద్దామా అని. డాక్టరు చూసి తగ్గించే పట్టిక రాసిచ్చారు. నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోయింది, శనగ కోతల రోజుల్లో ఒకసారి, బంధువు చనిపోయినప్పుడు ఒకసారి. ఇప్పుడు రాత్రిపూట ఒక మాత్ర మిగిలింది. నొప్పి పోలేదు. ఈ విషయం దాచను. కానీ ఆయన పొద్దున చేనిగట్టు దాకా పోయొస్తున్నాడు, చిన్న మనవరాలిని ఎత్తుకుంటున్నాడు, పగలంతా మత్తుగా పడుకోవడం లేదు.

ఇది ఒక్క మనిషి కథ మాత్రమే అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. కనీసం మూడు నెలలుగా ఓపియాయిడ్లు వాడుతున్న 608 మంది పాల్గొన్నారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు ఒక పుస్తకం, విశ్రాంతికి ఒక సీడీ ఇచ్చారు. మిగతా సగం మందిని గుంపులుగా కూర్చోబెట్టి నొప్పి గురించి, మందుల గురించి చెప్పారు, మాత్ర తగ్గేటప్పుడు వచ్చే బాధను తట్టుకోవడం నేర్పారు, ఒక నర్సు, ఆమెతో పాటు శిక్షణ పొందిన ఒక మామూలు మనిషి, ఒక్కొక్కరికీ తోడుగా ఉన్నారు. ఏడాది తర్వాత చూస్తే, చదువు అందినవాళ్ళలో నూటికి 29 మంది మాత్ర పూర్తిగా మానేశారు. అందనివాళ్ళలో నూటికి ఏడుగురే మానగలిగారు. మాత్రలు మానినందువల్ల నొప్పి పెరిగి పనులు ఆగిపోతాయేమో అన్న భయం ఉండేది. అట్లా జరగలేదు. నొప్పి వల్ల రోజువారీ పనులకు కలిగే ఇబ్బంది రెండు గుంపుల్లోనూ ఒకే రకంగా ఉంది. చదువు అందిన గుంపులో తీవ్రమైన అనారోగ్య సంఘటనలు కాస్త ఎక్కువ నమోదయ్యాయి కాబట్టి, ఈ పని డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి.

ఇంత పెద్ద ఏర్పాటు మన దగ్గర సాధ్యమా అని మీరు అడగవచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బెత్ డార్నాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నడుము నొప్పి వాళ్ళకు రెండు గంటల క్లాసు ఒకటి తయారు చేశారు. ఒకే ఒక్క క్లాసు. దాన్ని ఎనిమిది వారాల పాటు సాగే మానసిక చికిత్సతో పోల్చి 263 మంది మీద పరీక్షించారు. మూడు నెలల తర్వాత ఆ రెండు గంటల క్లాసు ఫలితం ఎనిమిది వారాల చికిత్సకు తీసిపోలేదని 2021లో తేలింది. రెండు గంటలు! మన పల్లెల్లో స్వయం సహాయక సంఘాల సమావేశానికి ఆడవాళ్ళు కూర్చునేది అంతసేపే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. ఆ వరసలోనే నొప్పి వాళ్ళను ఒక పూట కూర్చోబెట్టి, మన కడప మాటల్లో, మన చేలూ గనులూ ఉదాహరణలుగా ఈ చదువు చెప్పొచ్చు. ఆశా కార్యకర్తకు, నర్సుకు కొద్దిపాటి శిక్షణ ఇస్తే సరిపోతుంది. కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ఎముకల విభాగం బయట బెంచీల మీద గంటల తరబడి ఎదురుచూసే జనానికి ఆ వేచి ఉన్న సమయంలోనే ఈ పాఠం అందించాలని అధికారులను ఈ రేడియో ముఖంగా కోరుతున్నాను.

మాత్ర తగ్గించుకోవాలనుకునేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. ఈ ప్రసంగం విని రేపటి నుంచి మాత్ర ఆపేయకండి. ఏడాదికి పైగా వాడుతున్నవాళ్ళు నెలకు పదో వంతు, లేదా అంతకంటే నిదానంగా తగ్గించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. హఠాత్తుగా ఆపితే ఇందాక చెప్పిన బాధలన్నీ ఒక్కసారి మీద పడతాయి. ట్రమడాల్ మోతాదు మించినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. సారాయితో గానీ, నిద్రమాత్రలతో గానీ ఓపియాయిడ్లు కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదముంది. ఈ మాట ఇంట్లో మగవాళ్ళకు మరీ మరీ చెప్పండి. మాత్రలు పిల్లలకు అందని చోట పెట్టండి. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరికి ఇవ్వకండి. ఓపియాయిడ్ తగ్గిస్తున్నాం కదా అని దాని బదులు డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నడుము నొప్పితో పాటు కాలిలో బలం తగ్గినా, మూత్రం, మలం మీద అదుపు పోయినా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇందాక చెప్పిన మాటలేవీ మీకు వర్తించవు. అది ఊపిరి గమనిస్తూ కూర్చునే సమయం కాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మానసిక వైద్యుడి దగ్గరికి పొమ్మంటే కొందరికి కోపం వస్తుంది. నాకేం పిచ్చా, నా నొప్పి అబద్ధమా అంటారు. మీ నొప్పి అబద్ధమని ఎవరూ అనడం లేదు. మోకాలికి నూనె రాసి మర్దనా చేసినట్టే, భయపడిపోయిన నరాలకు కూడా సాయం కావాలి. ఆ సాయం చేయడం తెలిసినవాళ్ళ దగ్గరికి పోవడంలో నామోషీ ఏమీ లేదు. ఈ చిన్నచూపు వల్లే మన దగ్గర ఎందరో సాయం అందకుండా మిగిలిపోతున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఫోన్ సేవను మొదలుపెట్టింది. నెంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మందుల అలవాటు నుంచి బయటపడటానికి జాతీయ సహాయ నెంబరు 14446. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. పోయేటప్పుడు మీరు వాడుతున్న మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ వెంట తీసుకుపోండి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఒకటి కూడా దాచకుండా చెప్పండి, ఇంట్లోవాళ్ళను ఒకరిని తోడు తీసుకుపోండి. టెలి మానస్ నెంబరు మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.